నీతి వద్దు, నవ్వు కావాలి: మన పిల్లల బొమ్మల పుస్తకాల గురించి



ఆగస్టు 9 కార్యక్రమానికి వసూలైన చందాల్లో మిగిలిన డబ్బుతో ఏం చేద్దామని వారం రోజులుగా గ్రూపులో చర్చ నడుస్తోంది. చిన్నపిల్లల కోసం మన భాషల్లో జంతువుల బొమ్మల పుస్తకాలు, అది కూడా పిల్లల్ని నవ్వించేవి, వేద్దామని మేం నలుగురం ప్రతిపాదించాం. దానికి వచ్చిన జవాబులు అందరూ చూశారు. "గ్రూప్స్ మెటీరియల్ కొనకుండా కోతి బొమ్మలా?" అన్నారు కొందరు. "మనల్ని జంతువులతో పోల్చి ఎగతాళి చేసింది చాల్లేదా, మనమే వేసుకోవాలా?" అన్నారు ఇంకొందరు. "మన భాష చదివేదెవరు? ఏ లిపిలో వేస్తారు?" అని కూడా అడిగారు. ఒక అన్న అయితే "కనీసం నీతి అన్నా పెట్టండి, ఊరికే నవ్వుకోడానికి పుస్తకం ఎందుకు" అని రాశాడు.

ఎవరి మాటనీ కొట్టిపారేయం. అన్నిటికీ జవాబు చెప్తాం. పోస్టు పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి. తిట్టాలనుకుంటే చివర్న తిట్టండి.

ముందుగా మన గూడేల్లో అంగన్‌వాడీలో, ప్రైమరీ బడిలో చిన్నపిల్లల చేతికి వచ్చే బొమ్మల పుస్తకాల సంగతి చూద్దాం. స్థూలంగా అవి రెండు రకాలు. ఒకటి పట్నం పిల్లల కోసం తయారై మన దగ్గరికి కూడా వచ్చేవి. వాటిలో జిరాఫీ ఉంటుంది, పెంగ్విన్ ఉంటుంది, టై కట్టుకుని ఆఫీసుకు పోయే ఏనుగు ఉంటుంది. బొమ్మలు బాగానే ఉంటాయి, తప్పేం లేదు. రెండోది "గిరిజన బాలల కోసం" అని ప్రత్యేకంగా తయారయ్యేవి. వాటిలో మన అడవి జంతువులే ఉంటాయి. కానీ ఆ జంతువులు చేసే పనులు చూడండి. కుందేలు చేతులు కడుక్కుంటుంది. కోతి దోమతెర కట్టుకుంటుంది. ఎలుగుబంటి పిల్ల బడికి పోనని మారాం చేసి, చివరి పేజీలో బుద్ధి తెచ్చుకుంటుంది.

అంటే, పట్నం పిల్లకి కుందేలు కథ చెప్తుంది. మన పిల్ల దగ్గరికి వచ్చేసరికి అదే కుందేలు హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం చేస్తుంది.

చేతులు కడుక్కోవద్దని మేం అనడం లేదు. మలేరియా మన్యంలో ఎంతమందిని తినేసిందో మనకంటే బాగా ఎవరికీ తెలియదు. దానికి పోస్టర్లు వేయండి, దోమతెరలు టైముకి ఇవ్వండి, పీహెచ్‌సీలో డాక్టర్ని ఉంచండి. కానీ నాలుగేళ్ళ పిల్ల జీవితంలో మొదటిసారి పట్టుకునే పుస్తకం ఆ పిల్లకి ఏం చెప్తోంది? నువ్వు మురికిగా ఉన్నావు, నీకు బుద్ధి చెప్పాలి, మీ ఇంట్లోవాళ్ళకి తెలియదు, మేం చెప్తాం అంటోంది. ఇంకో పిల్లకి మొదటి పుస్తకం ఆట. మన పిల్లకి మొదటి పుస్తకం అవగాహన సదస్సు. ఇదెక్కడి న్యాయం?

అందుకే ఆ అన్నకి మా జవాబు: నీతి వద్దు. ఒక్క పుస్తకమైనా మన పిల్లల దగ్గరికి ఏమీ నేర్పకుండా రావాలి. నవ్వించి పోవాలి. ఇదే మా ప్రతిపాదన మొత్తం.

"నవ్వు దేనికి పనికొస్తుంది?"

పనికొస్తుంది. నవ్వు రావాలంటే ముందు అర్థం కావాలి. క్లాసులో టీచరు తెలుగులో కథ చెప్తున్నప్పుడు సవర పిల్లనో, కోయ పిల్లనో గమనించండి. అర్థమైన పిల్ల ముందు నవ్వుతుంది. అర్థం కాని పిల్ల పక్కవాళ్ళ మొహాలు చూసి, వాళ్ళు నవ్వాక నవ్వుతుంది. ఆ అర నిమిషం ఆలస్యంలోనే మన చదువుల కష్టమంతా ఉంది. ఆ పిల్లకి తెలివి తక్కువై కాదు. పులి ఎట్లా నడుస్తుందో, ఉడుము ఎక్కడ దూరుతుందో, కాకి ఎప్పుడు అరుస్తుందో ఆ పిల్లకి టీచరు కంటే ఎక్కువే తెలుసు. అడ్డం వచ్చింది భాష.

బొమ్మల పుస్తకంలో హాస్యం ఎట్లా పని చేస్తుందో కూడా చూడండి. మంచి బొమ్మల పుస్తకంలో మాట ఒకటి చెప్తుంది, బొమ్మ ఇంకోటి చెప్తుంది. "ఇక్కడ ఎవరూ లేరు" అని కుందేలు అంటుంటే, చెట్టు వెనక నుంచి పులి తోక కనబడుతుంటుంది. చదివి వినిపించే పెద్దమనిషి తోకని చూడనట్టు నటిస్తాడు. పిల్ల కేక వేస్తుంది, "అదిగో, అదిగో!" అని. అక్కడ పుస్తకం కన్నా, పెద్దవాళ్ళ కన్నా తనకే ఎక్కువ తెలుసు అని పిల్లకి అనిపిస్తుంది. చదువులో పిల్లకి దక్కే మొదటి గెలుపు అదే. అయితే కుందేలు అన్న ఆ మాట పిల్లకి చప్పున అర్థమైతేనే ఆ గెలుపు. టీచరు ఆగి, "లేరు అంటే అర్థం ఏమిటంటే..." అని విడమరిచి చెప్పాల్సి వస్తే ఆట అయిపోయింది. తోక కూడా పాఠమైపోయింది.

"ముందు గ్రూప్స్ మెటీరియల్, తర్వాత బొమ్మలు"

మెటీరియల్ అవసరమే. మాలోనే ఇద్దరం డీఎస్సీకి చదువుతున్నాం, ఆ పుస్తకాల రేట్లు మాకూ తెలుసు. కానీ ఆ మెటీరియల్ దాకా వచ్చేవాళ్ళు ఎంతమంది? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. అదే ఎస్టీల్లో 49 శాతం. సగం మంది మెట్టు దగ్గరే ఆగిపోతుంటే, మేడ మీద ఉన్నవాళ్ళకి ఫ్యాన్లు కొందాం అన్నట్టుంది మన వాదన. డిగ్రీ దాకా వచ్చిన మనకి కోచింగ్ స్కీములున్నాయి, స్టడీ సర్కిళ్ళున్నాయి, లైబ్రరీలున్నాయి, చాలకపోయినా అడగడానికి నోరుంది. నాలుగేళ్ళ పిల్లకి గ్రూపు లేదు, ధర్నా చేయలేదు, వినతిపత్రం ఇవ్వలేదు. దాని తరఫున మాట్లాడాల్సింది మనమే.

పైగా రెండో తరగతిలో చదవడం రాని పిల్ల ఐదుకి వచ్చేసరికి వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటుంది, ఎనిమిదికి బడి మానేస్తుంది. తర్వాత ఆ పిల్లని మనం "డ్రాపౌట్" అని పిలుస్తాం. చదువు మీద ఇష్టం పుట్టాల్సిన వయసులో పుట్టకపోతే గ్రూప్స్ మెటీరియల్ ఎవరి కోసం కొంటాం?

"మనల్ని జంతువులతో పోల్చారు"

ఈ మాట అన్నవాళ్ళ బాధ మాకు తెలుసు. సినిమాల్లో మనల్ని ఈకలు కట్టించి, మొహానికి రంగు పూసి, అర్థం లేని కూతలు కూయించారు. హాస్టల్లో, కాలేజీలో "అడివోళ్ళు" అని పిలిపించుకోనివాళ్ళు ఈ గ్రూపులో తక్కువ. కాబట్టి జంతువు అనగానే ఒళ్ళు మండడం సహజం.

కానీ ఒక్కమాట. జంతువుతో పోలిక అవమానం అని మనకి నేర్పింది ఎవరు? మన పెద్దలు కాదు. అరకు, పాడేరు వైపు ఇంటిపేర్లు చూడండి. కిల్లో అంటే పులి. గొల్లోరి అంటే కోతి. వంతాల అంటే పాము. పంగి అంటే గద్ద. కిల్లో వాళ్ళబ్బాయికి గొల్లోరి వాళ్ళమ్మాయిని ఇస్తే పులికీ కోతికీ పెళ్ళని పరాచికాలాడుకోవచ్చు, అందులో ఎవరికీ నామోషీ ఉండదు. జంతువు మనకి చుట్టం. చుట్టంతో వేళాకోళం ఆడతాం, దానికి మొక్కుతాం కూడా. రెండూ ఒకేసారి చేయగలం. ఆదిలాబాద్‌లో దండారి అప్పుడు గుస్సాడిని చూడండి. తల మీద నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, చేతిలో కర్ర. బయటివాళ్ళకి ఆ వేషం వింతగా, భయంగా కనిపిస్తుంది. మన పిల్లలకి మాత్రం గుస్సాడి అంటే దేవుడూ, తమతో చిలిపి పనులు చేసి నవ్వించేవాడూ. భక్తికీ నవ్వుకీ మధ్య గోడ కట్టుకున్నది మనం కాదు.

ఎగతాళికీ హాస్యానికీ తేడా ఒక్కటే: నవ్వేది ఎవరు, ఎవర్ని చూసి అని. మైదానం వాడు మనల్ని చూసి నవ్వితే ఎగతాళి. మన అవ్వ పులిని చూసి నవ్వితే అది ధైర్యం. కుందేలు పులిని బోల్తా కొట్టించే కథలు మన దగ్గర ఎందుకన్ని ఉన్నాయో ఆలోచించండి. ఫారెస్టు గార్డు, షావుకారు, ముఠాదారు, ఇట్లా ఎంతమంది పులుల మధ్య బతికారు మనవాళ్ళు! ఎదురు తిరిగి మాట్లాడలేని చోట కుందేలుతో మాట్లాడించారు.

ఇది మనకొక్కరికే కాదు. అమెరికాలో బానిసలుగా బతికిన నల్లవాళ్ళు చెప్పుకున్న కుందేలు కథలు కూడా ఇలాంటివే. బలం లేని కుందేలు నక్కనీ ఎలుగుబంటినీ మాటలతో ఓడిస్తుంది. ఆ కథల్ని 1880ల్లో జోయెల్ చాండ్లర్ హారిస్ అనే తెల్ల జర్నలిస్టు పోగేసి "అంకుల్ రెమస్" అనే కల్పిత ముసలాయన నోట చెప్పించి పుస్తకాలు వేశాడు. పేరు ఆయనకొచ్చింది, డబ్బు ఆయనకొచ్చింది. కథలు చెప్పిన బానిసల పేర్లు ఆ అట్టల మీద లేవు. హారిస్ ఊరు ఈటన్‌టన్‌లోనే పుట్టిన నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్, ఆయన తన వారసత్వంలో ఒక ముక్క దొంగిలించాడని తర్వాత గట్టిగా రాసింది. మన కథల్ని మనం అచ్చు వేసుకోకపోతే, "నామోషీ" అని పక్కన పెడితే, అవి ఊరికే ఉండిపోవు. రేపు ఎవరో వచ్చి రికార్డు చేసుకుని, అట్ట మీద తమ పేరు వేసుకుంటారు. మనం ఆ పుస్తకాన్ని ఆన్‌లైన్‌లో కొనుక్కుంటాం.

ప్రపంచంలో పేరు మోసిన జంతువుల పుస్తకాల్లో ఒకటైన "జంగిల్ బుక్" ఎక్కడ జరుగుతుందో తెలుసా? మధ్యప్రదేశ్‌లోని సివనీ కొండల్లో. అంటే గోండుల నేల మీద. 1894లో కిప్లింగ్ రాశాడు. అందులో ఎలుగుబంటికి మాటలున్నాయి, చిరుతకి మాటలున్నాయి. ఆ నేల మనిషి గొంతు మాత్రం పెద్దగా వినపడదు. నూటపదేళ్ళ తర్వాత అదే ప్రాంతపు పర్ధాన్ గోండు చిత్రకారుడు భజ్జు శ్యామ్ దీనికి జవాబిచ్చాడు. ఒకప్పుడు భోపాల్లో నైట్ వాచ్‌మన్‌గా పని చేసినవాడు. లండన్‌లో ఒక రెస్టారెంట్ గోడలకు బొమ్మలు వేయడానికి వెళ్ళి, తాను చూసిన లండన్‌ని తిరిగొచ్చాక బొమ్మల్లో చెప్పాడు. 2004లో "ద లండన్ జంగిల్ బుక్" అని వచ్చింది. అందులో విమానం రెక్కలొచ్చిన ఏనుగు. భూమి కింద నడిచే రైలు పెద్ద వానపాము. బిగ్ బెన్ గడియారం కోడిపుంజు, ఎందుకంటే మన ఊళ్ళో టైము చెప్పేది పుంజే కదా. చూడగానే నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు ఎవర్ని చూసి? ఇన్నాళ్ళూ మనల్ని జంతుప్రదర్శనశాలలో చూసినట్టు చూసినవాళ్ళని, మనవాడొకడు అదే కంటితో తిరిగి చూశాడు. 2018లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. అట్ట మీద పేరు ఆయనదే. ఇదీ మనకి కావాల్సిన జంతువుల పుస్తకం.

"చదివేది ఎంతమంది? ఏ లిపి?"

2011 లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవాళ్ళు దేశంలో దాదాపు 30 లక్షలు. సవర 4 లక్షల పైన. కోయ 4 లక్షల పైన. కొలామి లక్షా పాతిక వేల పైన. కొండ భాష 60 వేలు. ఇవి తక్కువా?

"ద గ్రఫలో" అని ఇంగ్లిషులో ఒక బొమ్మల పుస్తకం ఉంది. 1999లో జూలియా డోనాల్డ్‌సన్ రాసింది, ఆక్సెల్ షెఫ్లర్ బొమ్మలు వేశాడు. చిన్న ఎలుక అడవిలో పోతుంటే నక్క, గుడ్లగూబ, పాము ఒక్కొక్కటిగా తినడానికి వస్తాయి. ఎలుక లేని రాక్షసుణ్ణి కల్పించి అందర్నీ భయపెడుతుంది. తీరా ఆ రాక్షసుడే ఎదురొస్తాడు. అప్పుడు వాణ్ణి కూడా బురిడీ కొట్టిస్తుంది. మన కుందేలు కథలకి అక్క వరస అనిపిస్తుంది కదా? నిజానికి దానికి ఆధారం చైనా వాళ్ళ ఒక పాత నక్కా పులీ కథ. ఆ పుస్తకాన్ని స్కాట్లాండ్‌లో ఒక్క స్కాట్స్ భాషలోనే కాదు, అక్కడి ఒక్కో ప్రాంతపు యాసలో విడివిడిగా వేశారు. ఆర్క్‌నీ దీవుల యాసలో ఒకటి, షెట్లాండ్ దీవుల యాసలో ఒకటి. ఆ దీవుల్లో ఒక్కోదాంట్లో పాతిక వేల మంది కూడా లేరు. పైగా వాళ్ళందరికీ ఇంగ్లిషు వచ్చు. అయినా వేశారు, ఎందుకంటే ఎలుక అమ్మమ్మ యాసలో మాట్లాడితే వచ్చే నవ్వు వేరు. పాతిక వేల మంది పిల్లాజెల్లా ఉన్న దీవికి సొంత పుస్తకం ఉన్నప్పుడు, నాలుగు లక్షల మంది సవరలకి ఉండకూడదా?

ఇక లిపి. ఈ గొడవ పెద్దది, పెద్దవాళ్ళది. గుంజాల గోండి లిపి మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్ళో దొరికిన రాతప్రతుల్లోది. 2018లో యూనికోడ్‌లో చేరింది. సవరకి 1936లో మంగెయి గొమాంగో తయారు చేసిన సొరంగ్ సొంపెంగ్ ఉంది. రెండూ మన గౌరవం. కానీ మూడేళ్ళ పిల్లకి ఏ లిపీ రాదు. అది చూసేది బొమ్మ, వినేది చదివేవాళ్ళ గొంతు. చదివి వినిపించే అక్కకి, అంగన్‌వాడీ టీచరుకి తెలుగు లిపి వచ్చు. కాబట్టి ఈ ఏడాది తెలుగు లిపిలో మన భాష రాద్దాం, కింద చిన్న అక్షరాల్లో మన లిపి కూడా వేద్దాం. లిపి తేలేదాకా పుస్తకం ఆపుదాం అంటే ఈలోపు పిల్లలు పెద్దవాళ్ళవుతారు, వాళ్ళ పిల్లలకి చదవడానికి ఆ భాషే మిగలదు. "మలోల్" అనే మాట గోండి పిల్లకి వినగానే చెవులు నిక్కపొడుచుకున్న కుందేలు కళ్ళ ముందు నిలబడాలి. ముందు ఆ మాట బతకనివ్వండి.

"అది ప్రభుత్వం చేయాల్సిన పని"

చేయాల్సిందే. రాజ్యాంగంలో 350ఎ అధికరణ ఉంది. భాషా అల్పసంఖ్యాక పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలంటుంది. 1956 నుంచి ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలంటుంది. కాగితం మీద మనకేం తక్కువ లేదు.

చరిత్ర కూడా తక్కువేం కాదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. వేదిక మీద వాడుక తెలుగు గురించి గంటలు గంటలు మాట్లాడతారు. అదే మనిషి సవర పిల్లల కోసం పడ్డ కష్టం గురించి ఎన్ని నిమిషాలు మాట్లాడతారు? సీతంపేటలో ఒక సవర పిల్ల చేతిలో ఆ రోజు సవర బొమ్మల పుస్తకం ఒక్కటైనా పెడతారా? తెలుగు పిల్లకి అర్థమయ్యే తెలుగు కావాలని పోరాడిన మనిషి, అదే న్యాయం సవర పిల్లకీ వర్తిస్తుందని నమ్మాడు. ఆయన దండ ఒకరు తీసుకున్నారు, ఆయన న్యాయం మాత్రం ఎవరూ తీసుకోలేదు.

1943లో నిజాం కాలంలో హైమండార్ఫ్ పూనికతో మార్లవాయిలో గోండు టీచర్లకి శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలు వచ్చాయి. ఆగిపోయాయి. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. మనలో కొందరు ఆ పుస్తకాలు చూసే ఉంటారు. అది కూడా ఒక చోట ఉంటే ఇంకో చోట లేదు, ఒక ఏడాది వస్తే మరో ఏడాది రాదు. 2000లో వచ్చిన జీవో నంబర్ 3 ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పుస్తకం ఉన్నప్పుడు చదివి వినిపించే టీచరు లేడు. టీచరు ఉన్నప్పుడు పుస్తకం లేదు.

గమనించండి, ఇన్ని ప్రయత్నాల్లోనూ మనకి ఎక్కువగా వచ్చినవి వాచకాలే. అ అంటే ఇది, ఆ అంటే అది. బడి కోసం పుస్తకాలు. పడుకునే ముందు అవ్వ ఒళ్ళో కూర్చుని చూసే పుస్తకం మనకి దక్కలేదు. ప్రభుత్వాన్ని అడుగుదాం, ఐటీడీఏ దగ్గర వినతిపత్రం ఇద్దాం, రాయడానికి మేం సిద్ధం. కానీ వట్టి చేతులతో వెళ్ళి అడగడం కన్నా, చేతిలో పుస్తకం పట్టుకుని వెళ్ళి "ఇది మేం వేశాం, మీరు ప్రతి అంగన్‌వాడీకీ వేయండి" అనడం వేరు.

మరి ఏం చేద్దాం?

ఇది పెద్ద ప్రెస్సు, పెద్ద డబ్బు కావాల్సిన పని కాదు. ఇవాళ ప్రపంచమంతా తెలిసిన "పీటర్ రాబిట్" 1893లో జబ్బుపడిన ఒక పిల్లాడికి బియాట్రిక్స్ పాటర్ బొమ్మలతో రాసిన ఉత్తరం. ప్రచురణకర్తలు వద్దంటే 1901లో సొంత డబ్బుతో 250 కాపీలు వేయించింది. పిల్లల చేతిలో పట్టేంత చిన్న సైజులో వేయించింది. మరుసటేడు ఒక కంపెనీ ముందుకొచ్చింది.

మన లెక్క చూడండి. ఏ4 కాగితం మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు. నాలుగు కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి మధ్యలో రెండు పిన్నులు కొడితే పదహారు పేజీల పుస్తకం. 250 పుస్తకాలకి వెయ్యి కాగితాలు, అంటే రెండు రీములు. నలుపు తెలుపు గీతల బొమ్మలైతే జెరాక్స్ చాలు. రంగులు పిల్లలే వేసుకుంటారు. అట్ట మాత్రం కాస్త మందంగా వేయిద్దాం, పిల్లల చేతులు కదా.

అన్నీ కొత్తగా రాయాల్సిన పని కూడా లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ 2015 నుంచి ఉంది. అందులో కథలు పేరు చెప్పి ఎవరైనా అనువదించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. అదే సంస్థ ఒడిశాలో ముండా, కుయి, సౌరా, జువాంగ్ భాషల్లో చిన్నపిల్లల పుస్తకాలు తెచ్చింది. అక్కడి సౌరా, మన సవర ఒకటే. సరిహద్దు అవతల పిల్లకి ఉన్నది ఇవతల పిల్లకి లేకపోవడానికి కారణం భాష కాదు, పట్టించుకోకపోవడం. అయితే మొదటి పుస్తకాలు మాత్రం మన ఊళ్ళ నుంచే రావాలని మా పట్టు.

అందుకని ఈ షరతులతో చేద్దాం:

ఒకటి. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరూ ఇంట్లో అవ్వనో, తాతనో, పెద్దమ్మనో అడిగి ఒక నవ్వొచ్చే జంతువు కథ వాళ్ళ మాటల్లోనే ఫోన్లో రికార్డు చేయాలి. తెలుగులోకి మార్చి పంపొద్దు. అవ్వ ఎక్కడ గొంతు మార్చిందో, ఎక్కడ ఆగిందో, అదంతా కథే.

రెండు. చివర్న నీతి ఉండకూడదు. అవ్వ చెప్పని నీతి మనం తగిలించొద్దు. ఇప్పపువ్వు తిని తూలే ఎలుగుబంటి కథలో "మద్యం హానికరం" అని రాసినవాళ్ళు బొమ్మలు వేసే పనికి మారాలి.

మూడు. ఏ కులాన్నీ, తెగనీ, నల్లటి రంగునీ, కుంటినీ గుడ్డినీ చూసి నవ్వే కథ వద్దు. నవ్వు బలవంతుడి మీద ఉండాలి. ఇతరుల మీద మనకి నచ్చనిది మన పుస్తకంలోకి రానివ్వొద్దు.

నాలుగు. పేజీకి ఒకటి రెండు వాక్యాలే. నవ్వు పేజీ తిప్పాక రావాలి. మాట చెప్పింది బొమ్మ మళ్ళీ చెప్పకూడదు. గీసేవాళ్ళు జంతువుని కార్టూన్ ఛానెల్లో చూసి కాదు, చూసిన జంతువునే గీయాలి.

ఐదు. అట్ట మీద కథ చెప్పిన మనిషి పేరు, ఊరు పేరు ముందు ఉండాలి, వాళ్ళు ఒప్పుకుంటేనే. "సేకరణ" అని మన పేర్లు వేసుకోవద్దు. ఎప్పుడైనా ఎవరైనా డబ్బిచ్చి వేస్తామంటే, అందులో మొదటి వాటా వాళ్ళది.

ఆరు. పూజ గదిలో చెప్పేవి, బయటికి చెప్పకూడదని పెద్దలు అనుకునేవి అడగొద్దు. వేలుపు కథలు వేలుపు దగ్గరే ఉంటాయి. మనకి కావాల్సింది పొయ్యి దగ్గర చెప్పుకునేవి.

ఐదు భాషలు, భాషకొక పుస్తకం, ఒక్కోటి 250 కాపీలు. గోండి, కోయ, కొలామి, సవర, కువి. మిగతా భాషల వాళ్ళు ముందుకొస్తే ఇంకా మంచిది. బంజారా తమ్ముళ్ళు, ఎరుకల అక్కలు కామెంట్లలో చెప్పండి. మిగిలిన చందా దీనికి చాలకపోతే మేం ఇంకా పోగు చేస్తాం. గ్రూప్స్ మెటీరియల్ కోసం వేరే వసూలు పెడితే అందులోనూ మా వంతు ఇస్తాం. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని ఆపొద్దని మాత్రమే మా మనవి.

మన తరంలో చాలామంది అవ్వ కథ విని, బడికెళ్ళి, ఆ కథ తప్పు, ఆ భాష తప్పు అనుకుని పెరిగాం. మన తర్వాతి పిల్లలు అవ్వ చెప్పిన కుందేలునే పుస్తకంలో చూసి, అవ్వ మాటే అచ్చులో విని, చప్పున, అందరికంటే ముందు నవ్వాలి.

ఒప్పుకునేవాళ్ళు "సరే" అని, ఏ భాషో, ఏ ఊరో కామెంట్ పెట్టండి. ఒప్పుకోనివాళ్ళు కారణం రాయండి, మళ్ళీ జవాబిస్తాం. వచ్చే ఆదివారం రాత్రి లెక్క చూసి, పని పంచుకుందాం.

జోహార్!